పాత జపాన్ టూ ఇన్ వన్‌కు గొంతు తిరిగి తెప్పించడం ఎలా?

"అటక మీద నుంచి నాన్నగారి టూ ఇన్ వన్ దించాం. రేడియో ఒక స్పీకర్లోనే పలుకుతోంది. క్యాసెట్ వేస్తే పాడేవాడు దుప్పటి కప్పుకొని పాడుతున్నట్టుంది. హెడ్ మార్చాలా, కెపాసిటర్లు మార్చాలా?" నన్ను అడిగేవాళ్లలో సగం మంది ఇదే అడుగుతారు. ముందు ఏదీ మార్చకండి. నలభై ఏళ్లు మూలపడి ఉన్న సెట్టులో పోయింది సాధారణంగా భాగం కాదు, శుభ్రత. టేపు మీది ధ్వనిని చదివే హెడ్ మీద మట్టి, స్విచ్చుల్లో నలుపు, కరిగిపోయిన బెల్టు. ఈ మూడూ సరిచేశాక కూడా తేడా మిగిలితే అప్పుడు స్క్రూల జోలికి వెళ్దాం.

నేను చెప్పేది 1970ల చివరి నుంచి 1980ల మధ్య వరకు నేషనల్ పానసోనిక్, సోనీ, షార్ప్, శాన్యో, జేవీసీ, హిటాచీ, తోషిబా, ఐవా వంటి కంపెనీలు చేసిన స్టీరియో సెట్ల గురించి. జపాన్‌లో వీటిని "రాజికాసే" అంటారు. రేడియో, క్యాసెట్ అన్న రెండు మాటలనూ కత్తిరించి అతికించిన పేరు అది. మన ఇళ్లకు ఇవి ఎక్కువగా గల్ఫ్ వెళ్లినవాళ్ల సామాన్లలో వచ్చాయి. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ వైపు ఏ ఇంట్లో అడిగినా ఒక కథ ఉంటుంది. ఈమధ్య జపాన్ నుంచి నేరుగా తెప్పించుకునేవాళ్లూ పెరిగారు. వాళ్లకు ఒక ప్రత్యేక హెచ్చరిక ఉంది, మొదటి మెట్టులోనే చెబుతాను.

కావలసినవి

- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 99 శాతానిది. మందుల షాపుల్లో దొరికే 70 శాతం రకంలో నీళ్లు ఎక్కువ. హెడ్ తుడవడానికి సర్దుకోవచ్చు, లోపలి సర్క్యూట్ బోర్డుకు వద్దు.
- దూది పుల్లలు, మెత్తటి నూలు గుడ్డ, పాత టూత్‌బ్రష్.
- ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే. డబ్బా మీద "ప్లాస్టిక్‌కు సురక్షితం" అని ఉండాలి. తుప్పు వదిలించడానికి బండ్లకు కొట్టే స్ప్రే దీనికి బదులు కాదు.
- నక్షత్రం తల స్క్రూడ్రైవర్లు. జపాన్ స్క్రూలు జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) కొలతవి. చూపుకు మామూలు ఫిలిప్స్ లాగే ఉంటాయి గానీ ఫిలిప్స్ డ్రైవర్ వాటిలో పూర్తిగా కూర్చోదు, జారి తలను చెక్కేస్తుంది. జేఐఎస్ డ్రైవర్ దొరకకపోతే మొన సరిగ్గా కూర్చునేది వెతికి, గట్టిగా అదిమి తిప్పండి.
- పోయినా బాధ లేని క్యాసెట్ ఒకటి, కంపెనీ రికార్డు చేసి అమ్మిన మంచి క్యాసెట్ ఒకటి.
- కొత్త పెద్ద సెల్లు. సెట్టును బట్టి ఆరు, ఎనిమిది లేదా పది పడతాయి.
- మల్టీమీటరు ఉంటే మంచిది, లేకపోయినా చాలా పని అవుతుంది.

1. కరెంటు పెట్టకముందు వెనక చూడండి

సెట్టు వెనకో అడుగునో చిన్న పట్టీ ఉంటుంది. ఎగుమతి కోసం చేసిన సెట్లకు 110, 127, 220, 240 అంటూ వోల్టేజి మార్చే మీట ఉండవచ్చు. మన సరఫరా 230 వోల్టులు కాబట్టి 240 దగ్గర పెట్టండి. జపాన్‌లోనే అమ్మిన సెట్టు అయితే పట్టీ మీద 100 వోల్టులు అని మాత్రమే ఉంటుంది. దాన్ని మన గోడ ప్లగ్గులో పెట్టారంటే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. దానికి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. సెట్టు పట్టీ మీద రాసిన వాట్లకు కనీసం రెట్టింపు సామర్థ్యం ఉన్నది కొనండి. ఇంకో సంగతి: జపాన్‌లో అమ్మిన సెట్టులో ఎఫ్ఎం 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ వరకే ఉంటుంది. మన స్టేషన్లు 88 నుంచి 108 మధ్య ఉంటాయి. చాలా స్టేషన్లు రాకపోతే అది రిపేరు కాదు, దాని పుట్టుక.

పరీక్ష అంతా సెల్లతోనే మొదలుపెట్టండి. ప్రమాదం లేదు, పైగా ఒక రోగ నిర్ధారణ ఉచితంగా దొరుకుతుంది. సెల్లతో శుభ్రంగా పలికి, కరెంటుతో "గుం" అని మోగుతుంటే దోషం హెడ్‌లోనో స్పీకర్లోనో లేదు. కరెంటును నునుపు చేసే పెద్ద కెపాసిటర్ అలిసిపోయింది.

సెల్లు కారి గూడు పాడై ఉంటే: మామూలు జింక్ సెల్లు కారినచోట వంట సోడా కలిపిన నీళ్లతో, ఆల్కలైన్ సెల్లు కారినచోట వెనిగర్ లేదా నిమ్మరసంతో దూది పుల్ల తడిపి తుడవండి. తర్వాత ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. రేకు మెరిసేదాకా గీకాలి. పైకి తెల్లగా కనిపిస్తే చాలదు.

2. దోషం ఎక్కడుందో వినండి

ఈ మెట్టును దాటేసినవాళ్లే తర్వాత అన్నీ విప్పి కూర్చుంటారు. సెట్టుకు ధ్వని మూడు దారుల్లో వస్తుంది: రేడియో, క్యాసెట్, వెనక ఉండే లైన్ ఇన్ రంధ్రం. మూడూ వినండి. లైన్ ఇన్‌కు ఫోను కలిపేటప్పుడు ఫోను వాల్యూమ్ సగం దగ్గర ఉంచండి.

రేడియో, ఫోను బాగుండి క్యాసెట్ ఒక్కటే మసగ్గా ఉంటే గొడవ హెడ్ దగ్గర. మూడింట్లోనూ ఒక పక్క పలకకపోతే వాల్యూమ్, బ్యాలెన్స్ నాబ్‌లు, స్విచ్చులు, స్పీకర్ తీగలు చూడాలి. క్యాసెట్ గొంతు స్పష్టంగా ఉండి రాగం ఊగుతుంటే బెల్టు, రబ్బరు చక్రం.

వినేముందు మీటలన్నీ ఒక స్థితికి తెండి. టేప్ ఎంపిక "నార్మల్", డాల్బీ ఆఫ్, స్టీరియో వైడ్ ఆఫ్, లౌడ్‌నెస్ ఆఫ్, బాస్, ట్రెబుల్ మధ్యలో. డాల్బీ అంటే టేపు హోరును తగ్గించే ఏర్పాటు. అది లేకుండా రికార్డు చేసిన క్యాసెట్‌ను డాల్బీ ఆన్ చేసి వింటే సన్నని ధ్వనులు చచ్చిపోతాయి. "హెడ్ పోయింది" అని నా దగ్గరకు తెచ్చిన ఒక సెట్టుకు నేను చేసిన వైద్యం ఆ ఒక్క మీట కిందికి నొక్కడమే.

3. హెడ్, కడ్డీ, రబ్బరు చక్రం

సెల్లు తీసేయండి. క్యాసెట్ తలుపు తెరిచి ప్లే మీట నొక్కితే హెడ్ ముందుకు వస్తుంది. దూది పుల్లను ఆల్కహాల్‌లో ముంచి, కారకుండా పిండి, హెడ్ మెరిసే ముఖాన్ని టేపు నడిచే దిశలో తుడవండి. పుల్ల గోధుమ రంగులోకి మారుతుంది. తెల్లగా వచ్చేవరకు పుల్లలు మారుస్తూనే ఉండండి. పక్కనే ఉన్న, రికార్డు చేసేటప్పుడు పాత ధ్వనిని చెరిపే హెడ్‌ను మరవకండి.

తర్వాత క్యాప్‌స్టన్, అంటే టేపును లాగే సన్నని ఇనుప కడ్డీ. దాని మీద గోధుమరంగు పొర గట్టిపడి ఉంటే కడ్డీ ఆ మేరకు లావైనట్టే, వేగం మారుతుంది. దాన్ని ఒత్తే రబ్బరు చక్రాన్ని ఆల్కహాల్‌తో తడిపి నానబెట్టకండి, రబ్బరు ఎండి పగుళ్లు తీస్తుంది. ఒక చుక్క సబ్బు కలిపిన నీళ్లతో గుడ్డ తడిపి తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టండి. చక్రం అద్దంలా మెరుస్తుంటే రబ్బరు గట్టిపడిందని అర్థం, టేపు జారుతుంది. మార్చడమే మేలు.

హెడ్ ముఖాన్ని పక్క నుంచి వెలుగు వేసి చూడండి. టేపు నడిచిన చోట గోరుకు తగిలేంత గాడి పడి ఉంటే హెడ్ నిజంగానే అరిగింది. లేదంటే దానికి ఇంకా ఆయుష్షు ఉంది.

ఎలా సరిచూడాలి: హెడ్ ఆరాక పనికిరాని క్యాసెట్ వేసి వినండి. బూజు పట్టిన క్యాసెట్ మాత్రం వేయకండి. ఇంతసేపు తుడిచిందంతా ఒక్క నిమిషంలో వృథా అవుతుంది.

4. నాబ్‌లు, స్విచ్చులు, అన్నిటికన్నా ముఖ్యంగా రికార్డు స్విచ్

గరగర శబ్దానికీ, ఒక పక్క పలకకపోవడానికీ ఎక్కువసార్లు కారణం ఇవే. రేడియో, టేప్ ఎంచుకునే స్విచ్చు వంటివాటి లోపల రాగి, వెండి పలకలు నల్లబడి ఉంటాయి, వాల్యూమ్ వంటి నాబ్‌ల లోపల కార్బన్ పట్టీ మీద మట్టి చేరి ఉంటుంది.

ముందు స్ప్రే లేకుండా ప్రయత్నించండి. సెట్టు ఆఫ్ చేసి ప్రతి నాబ్‌నూ చివరి నుంచి చివరికి ముప్పైసార్లు తిప్పండి, ప్రతి మీటనూ ముప్పైసార్లు కదపండి. కొన్ని సెట్లు ఇంతటితోనే నోరు తెరుస్తాయి.

ఇక ఎవరూ చెప్పని స్విచ్చు. బోర్డు మీద పెన్సిల్ ముక్కంత పొడుగున ఒక స్విచ్చు ఉంటుంది. మీరు రికార్డు మీట నొక్కినప్పుడు ఒక కమ్మీ దీన్ని లాగుతుంది. రికార్డు చేయడం నుంచి వినడానికి సర్క్యూట్‌ను మార్చేది అదే, కాబట్టి క్యాసెట్ ధ్వని అంతా దాని మీదుగానే పోతుంది. చాలా ఏళ్లుగా ఎవరూ రికార్డు చేయకపోతే అది ఒకేచోట బిగుసుకుని నల్లబడుతుంది. ఫలితం: ఒక పక్క వస్తూ పోతూ ఉండటం, ఈలలు, ఒక్కోసారి అరుపు. సెల్లూ కరెంటూ తీసేసి, పనికిరాని క్యాసెట్ పెట్టి, రికార్డు మీట ముప్పై నలభైసార్లు నొక్కి వదలండి.

అయినా మార్పు లేకపోతే మూత విప్పి స్ప్రే కొట్టాలి. విప్పే ముందు మూడు మాటలు. ఒకటి, గోడ ప్లగ్గు నుంచి తీగ తీసేయండి. చాలా సెట్లలో పవర్ స్విచ్చు ట్రాన్స్‌ఫార్మర్ తర్వాతి భాగాన్నే ఆపుతుంది. సెట్టు ఆఫ్‌లో ఉన్నా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 230 వోల్టులు ఉంటాయి. రెండు, స్క్రూలు సెల్ గూట్లోనూ, పిడి కిందా దాక్కుని ఉంటాయి. రానిదాన్ని ఊడబెరకకండి, ఎక్కడో ఒక స్క్రూ మిగిలి ఉంది. మూడు, వెనక మూతకు యాంటెన్నా తీగ, సెల్ గూటి తీగలు వేలాడుతుంటాయి. ముందు రెండంగుళాలే తెరిచి చూసి, ఫోనుతో ఫోటో తీసి, ఆ తర్వాత విప్పండి. ఏ స్క్రూ ఎక్కడిదో కాగితం మీద సెట్టు బొమ్మ గీసి అక్కడే గుచ్చి పెట్టుకోండి. పొడుగు స్క్రూను పొట్టి రంధ్రంలో బిగిస్తే ముందు ప్యానెల్ పగిలి బయటికి వస్తుంది.

స్ప్రే గొట్టాన్ని స్విచ్చు సందులో పెట్టి అర సెకను మాత్రమే కొట్టండి. కొట్టిన వెంటనే ముప్పైసార్లు కదపండి. పది నిమిషాలు ఆరనివ్వండి. ముందుకూ వెనక్కూ జరిగే పొడుగు నాబ్‌లకు ఇంకా తక్కువ చాలు. ఎక్కువైతే లోపలి గ్రీజు కొట్టుకుపోయి నాబ్ వదులుగా, పేలవంగా జారుతుంది. స్ప్రే బెల్టుల మీద, రబ్బరు మీద, డయల్ అద్దం మీద పడనివ్వకండి. డయల్ ముల్లును లాగే తాడును అసలు కదపకండి. అది ఊడితే మళ్లీ చుట్టడం ఒక ఆదివారం పని.

5. బెల్టు

వేలికి అంటుకుని నల్లటి బంకలా సాగుతుంటే అది బెల్టు కాదు, ఒకప్పటి బెల్టు. చక్రాల మీద చుక్క మిగలకుండా ఆల్కహాల్‌తో తుడవండి. బట్టలకు అంటితే పోదు, జాగ్రత్త. కొలత కోసం బెల్టు నడిచే దారి వెంట దారం చుట్టి పొడవు చూసుకోండి. అందులో ఐదు నుంచి ఎనిమిది శాతం తగ్గించి కొనండి. బరువైన ఇనుప చక్రానికి బల్లపరుపు బెల్టు, మిగతావాటికి చదరపు బెల్టు సాధారణం. ఆన్‌లైన్లో రకరకాల కొలతలు కలిపిన పొట్లాలు దొరుకుతాయి. హైదరాబాద్‌లో కోఠీ గుజరాతీ గల్లీలో తిరిగి చూడవచ్చు. డబ్బులకు చుట్టే రబ్బరు బ్యాండు తాత్కాలికంగా కూడా వద్దు. పాట సముద్రంలో పడవలా ఊగుతుంది.

6. వేగం

టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడవాలి. పరీక్ష టేపు కొనగలిగితే సులువు. 3000 హెర్ట్జ్ స్వరం ఉన్న టేపు వేసి, ఫోనులో ఫ్రీక్వెన్సీ చూపే ఆప్ తెరిస్తే 2970కీ 3030కీ మధ్య ఉంటే చాలు.

టేపు లేనివాళ్లకు కొలబద్ద లెక్క. పాత క్యాసెట్‌లో ఏదైనా ఒకే తీరు శబ్దం, స్టేషన్ లేనిచోట రేడియో హోరైనా సరే, రికార్డు చేయండి. టేపును పెన్సిల్‌తో నెమ్మదిగా బయటికి లాగి, ఒకచోట చిన్న అయస్కాంతాన్ని తాకించండి. అక్కడి నుంచి సరిగ్గా 238 సెంటీమీటర్లు కొలిచి మళ్లీ తాకించండి. వెనక్కి చుట్టి వినండి. శబ్దం తెగిన రెండు చోట్లకూ మధ్య 50 సెకన్లు పట్టాలి. 49 వస్తే సెట్టు రెండు శాతం వేగంగా ఉంది. అయస్కాంతాన్ని సెట్టుకు దూరంగా, వేరే గదిలో వాడండి.

సరిచేయడానికి చాలా మోటార్ల వెనక చిన్న రంధ్రం ఉంటుంది, లోపల సన్నని స్క్రూ. సెట్టు పావుగంట నడిచాకే దాన్ని ముట్టుకోండి, అది కూడా వెంట్రుకవాసి మాత్రమే. కొత్త సెల్లు వేశారా, కడ్డీ తుడిచారా, రెండు డెక్కుల సెట్టయితే డబ్బింగ్ మీట మామూలు వేగంలో ఉందా అన్నది ముందు చూసుకోండి.

7. హెడ్ కోణం, అందరూ ముందే తిప్పేసే స్క్రూ

దుప్పటి కప్పిన గొంతుకు మందు ఇదేనని ఎక్కడో చదివి, నేనూ నా మొదటి సెట్టులో మొదటి రోజే దీన్ని తిప్పాను. నిజానికి అప్పటికి హెడ్ తుడవలేదు. తర్వాత తుడిచాక అసలు కోణం ఎక్కడుండేదో తెలియక నెల రోజులు తిప్పుతూనే ఉన్నాను. అందుకే దీన్ని ఏడో మెట్టులో పెట్టాను.

హెడ్‌కు అటూ ఇటూ రెండు స్క్రూలు ఉంటాయి. ఒకటి గట్టిగా బిగించి ఉంటుంది, దాని జోలికి పోకండి. రెండోదాని కింద చిన్న స్ప్రింగు ఉంటుంది, దాని మీద కదలకుండా రంగు చుక్క పెట్టి ఉంటుంది. తిప్పవలసింది ఇదే. ముందు దాని తల ఎటు చూస్తోందో ఫోటో తీసుకోండి.

కంపెనీ క్యాసెట్ వేయండి, పెద్ద తాళాలు, గజ్జెలు, తబలా వంటి పదునైన శబ్దాలు ఉన్నది. ఇంట్లో రికార్డు చేసినది పనికిరాదు, అది రికార్డయిన సెట్టు కోణం తప్పయి ఉండవచ్చు. మోనో మీట ఉంటే మోనోలో పెట్టండి. తప్పు కోణంలో రెండు పక్కల సన్నని ధ్వనులు కలిసినప్పుడు ఒకదాన్నొకటి తినేస్తాయి కాబట్టి మోనోలో తేడా బాగా తెలుస్తుంది. స్క్రూను ఎనిమిదో వంతు చుట్టు అటు, ఎనిమిదో వంతు ఇటు తిప్పండి. ఒక చోట తాళాలు ఒక్కసారిగా గదిలోకి వచ్చినట్టు వినిపిస్తాయి. అక్కడ ఆపండి. అర చుట్టు తిప్పినా ఆ చోటు రాకపోతే మొదటి స్థానానికి తిరిగి వెళ్లండి. దోషం ఇంకెక్కడో ఉంది.

సరిచూడటానికి మరో రెండు కంపెనీ క్యాసెట్లు వేయండి. మూడింటిలోనూ బాగుంటే గోళ్ల రంగు చిన్న చుక్క పెట్టి స్క్రూను కదలకుండా చేయండి. ఆటో రివర్స్ సెట్టయితే ఒక్కో దిశకు ఒక్కో స్క్రూ ఉండవచ్చు, రెండు దిశల్లోనూ వినండి.

8. స్పీకర్లు, కెపాసిటర్లు

స్పీకర్ కాగితాన్ని నాలుగు వేళ్లతో సమంగా, మెల్లగా లోపలికి నొక్కండి. గీసుకుంటున్న శబ్దం వస్తే లోపలి చుట్ట వంగింది. అంచు స్పాంజిదై, ముట్టుకుంటే పొడిగా రాలుతుంటే అంచు ఒక్కటే మార్పించవచ్చు. గుడ్డ, కాగితం అంచులు సాధారణంగా బతికే ఉంటాయి. కొత్త స్పీకర్ వేయాల్సి వస్తే ఓములు పాతదాని కన్నా తక్కువ ఉండకూడదు, యాంప్లిఫయర్ వేడెక్కి పోతుంది.

"కెపాసిటర్లన్నీ మార్చేయండి" అనే సలహా ఇప్పుడు ఒక ఫ్యాషన్. నేను ఒప్పుకోను. ఉబ్బినవి, కారినవి, కరెంటుతో మాత్రమే గుం అనిపించేవి మార్చండి. స్విచ్చులన్నీ శుభ్రం చేశాక కూడా ఒక పక్క బొంగురుగానో బలహీనంగానో ఉంటే ఆ పక్కవి మార్చండి. మైక్రోఫారడ్లు అంతే, వోల్టులు అంతే లేదా ఎక్కువ, ప్లస్, మైనస్ తారుమారు కాకుండా. సాల్డరింగ్ చేయి తిరగనివాళ్లు ఇక్కడ ఆగి మెకానిక్‌కు ఇవ్వండి. సన్నని రాగి దారులున్న ఆ బోర్డుల మీద వేడి ఎక్కువైతే దారి లేచిపోతుంది.

9. చివరి పరీక్ష

మూత బిగించే ముందే, పాత పాటలున్న క్యాసెట్ మీద రేడియో నుంచి ఐదు నిమిషాలు రికార్డు చేసి వినండి. కొత్త ధ్వని కింద పాత పాట సన్నగా వినిపిస్తుంటే చెరిపే హెడ్ మీద మట్టి ఉంది. రికార్డు చేసింది మసగ్గా, కంపెనీ క్యాసెట్ స్పష్టంగా ఉంటే రికార్డు స్విచ్చును మరో విడత కదపండి. రెండూ బాగుంటే మూత బిగించి, అరగంట నడిపి, వెనక చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉండాలి, కాలకూడదు.

అప్పుడు గానీ తాతయ్య గొంతున్న క్యాసెట్ బయటికి తీయకండి. తీశాక, వేసే ముందు, టేపు కనిపించే అంచు కిందికి ఉండేలా పట్టుకుని పై అంచున రెండు మూలల్లో ఉన్న చిన్న ప్లాస్టిక్ రేకులను విరిచేయండి. ముప్పైసార్లు రికార్డు మీట నొక్కి అలవాటైన వేలు ముప్పై ఒకటోసారి నొక్కినా ఇక ఆ గొంతు చెరగదు.